పద్దెనిమిదేళ్ల గీతకు అటూ ఇటూ: కొత్తగా బండి నడిపే యువతకు చట్టం పెట్టిన హద్దులేమిటి?

పదో తరగతి పూర్తికాగానే స్కూటీ, ఇంటర్‌లో మంచి మార్కులు వస్తే బైక్. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ కానుక అందుకున్న పిల్లల్లో అత్యధికులకు ఆ బండిని రోడ్డు మీదికి తెచ్చే హక్కు చట్టరీత్యా లేదు. పట్టుబడినా, ప్రమాదం జరిగినా కేసు ఆ పిల్లవాడి దగ్గర ఆగదు. బండి యజమాని మీదికి, తల్లిదండ్రుల మీదికి వెళుతుంది.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతుల్లో 9,528 మంది పద్దెనిమిదేళ్లలోపు వారు. అంటే సగటున రోజుకు 26 మంది. వీరంతా బండి నడుపుతూ చనిపోయినవారు కారు. పాదచారులు, వెనుక కూర్చున్నవారు, బస్సుల్లో, ఆటోల్లో ప్రయాణిస్తున్నవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. ఐదు నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలే ప్రధాన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ నేపథ్యంలో కొత్తగా బండి నడిపే యువత విషయంలో భారతీయ చట్టం ఏం చెబుతోంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మౌనంగా ఉంది అన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతి.

ఏ వయసుకు ఏ బండి?

దేశంలో వాహన చోదనకు మూలాధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఇది 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశంలో ఎవరూ మోటారు వాహనం నడపరాదని మూడో సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారు నడపరాదని నాలుగో సెక్షన్ నిర్దేశిస్తుంది. సరకులు, ప్రయాణికులను చేరవేసే రవాణా వాహనాలకు కనీస వయసు 20 ఏళ్లు.

ఇక్కడ 'బహిరంగ ప్రదేశం' అన్న మాటకు చట్టంలో విస్తృతమైన అర్థం ఉంది. ప్రజలు వచ్చిపోయే హక్కు ఉన్న ఏ దారి అయినా, ఏ చోటయినా దాని కిందికే వస్తుంది. కాబట్టి 'మన వీధిలోనే కదా, మెయిన్ రోడ్డు ఎక్కలేదు కదా' అన్న సమాధానం చట్టం ముందు నిలవదు.

పదహారేళ్లు నిండినవారికి నాలుగో సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. ఇంజిన్ సామర్థ్యం 50 సీసీకి మించని మోటారు సైకిల్‌ను వారు నడపవచ్చు. దానికీ లైసెన్సు తీసుకోవలసిందే. గేర్లు లేని మోటారు సైకిల్‌కు పద్దెనిమిదేళ్లలోపు వారు లెర్నర్ లైసెన్సు పొందాలంటే తల్లిదండ్రులు లేదా సంరక్షకుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి.

ఈ మినహాయింపు చట్టంలోకి వచ్చిన రోజుల్లో రోడ్ల మీద లూనాలు, టీవీఎస్ 50 వంటి మోపెడ్లు విరివిగా తిరిగేవి. నేడు పరిస్థితి వేరు. ఇళ్లలో పిల్లల చేతికి వస్తున్న గేర్లు లేని స్కూటర్లలో చాలా వరకు 110 సీసీ, 125 సీసీ ఇంజిన్లతో ఉన్నవే. అందరూ 'చిన్న బండి'గా భావించే మోపెడ్ సైతం ఇప్పుడు 100 సీసీ తరగతిలో అమ్ముడవుతోంది. పదహారేళ్లకు చట్టం అనుమతించిన పెట్రోలు బండి మార్కెట్‌లో దాదాపు కనుమరుగైంది. పదహారేళ్లకు తీసుకున్న లైసెన్సు చూపి 110 సీసీ స్కూటర్ నడిపితే, ఆ బండికి సంబంధించినంత వరకు లైసెన్సు లేనట్లే లెక్క.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి

'బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదు' అన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. ఇది సగమే నిజం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల కన్నా తక్కువ, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కన్నా తక్కువ, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించని ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. అటువంటి బండికి మాత్రమే రిజిస్ట్రేషన్, లైసెన్సుల అవసరం ఉండదు.

ఈ కొలతల్లో ఏ ఒక్కటి దాటినా అది మోటారు వాహనమే. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్‌కు నంబరు ప్లేటు ఉండాలి, నడిపేవారికి లైసెన్సు ఉండాలి. కొనేటప్పుడు దుకాణంలో చెప్పిన మాట కన్నా బండి పత్రాల్లో రాసి ఉన్న మోటారు సామర్థ్యం, గరిష్ఠ వేగం చూసుకోవడం మేలు. అమ్మిన తర్వాత వేగ పరిమితిని తొలగించేలా మార్పులు చేయించిన బండికి ఈ మినహాయింపు వర్తించదు.

నేర్చుకునే దశలో ఉన్న నియమాలు

తెలుగునాట ఎల్‌ఎల్‌ఆర్‌గా అందరికీ తెలిసిన లెర్నర్ లైసెన్సు కొత్త చోదకుడి తొలి మెట్టు. ట్రాఫిక్ గుర్తులు, సంకేతాలు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు చేయవలసిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు అనే అంశాలపై ఇందుకు పరీక్ష ఉంటుంది. కనీసం 60 శాతం ప్రశ్నలకు సరైన సమాధానాలు చెప్పాలి. ఈ లైసెన్సు ఆరు నెలలపాటు చెల్లుతుంది. ఇది పొందిన 30 రోజుల తర్వాతే అసలు డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికి రాగానే ఒంటరిగా నడపవచ్చునన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది సరికాదు. నేర్చుకునేవారి పక్కన చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు ఉన్న శిక్షకుడు ఉండాలని, అవసరమైతే బండిని ఆపగలిగేలా ఆయన కూర్చోవాలని నిబంధన. బండికి ముందూ వెనుకా తెల్లటి నేపథ్యంపై ఎర్రటి 'ఎల్' అక్షరం కనిపించాలి. మోటారు సైకిల్ నేర్చుకుంటున్నవారు శిక్షణ ఇచ్చేవారిని తప్ప మరెవరినీ వెనుక ఎక్కించుకోరాదు. లెర్నర్ లైసెన్సుతో స్నేహితుడిని కూర్చోబెట్టుకుని కళాశాలకు వెళ్లడం ఈ నియమానికి విరుద్ధం.

2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు మరో దారి చూపాయి. ఈ కేంద్రాల్లో తేలికపాటి వాహనాల శిక్షణ మొత్తం 29 గంటలు. ఇందులో ఎనిమిది గంటలు పాఠాలు, 21 గంటలు బండి నడపడం. ఈ కోర్సు విజయవంతంగా పూర్తిచేసినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. అయితే ఈ శిక్షణ ఐచ్ఛికమే. దీన్ని తీసుకోనివారు ఇన్ని గంటలు నడిపి తీరాలన్న నియమం లేదు. లెర్నర్ లైసెన్సు పొంది ఎన్ని రోజులైందన్నదే లెక్క తప్ప, ఆ రోజుల్లో ఎన్ని గంటలు చక్రం పట్టారన్నది కాదు.

మైనర్ నడిపితే ఎవరిది తప్పు?

2019లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన మార్పుల్లో మైనర్ల చోదనకు సంబంధించిన 199ఎ సెక్షన్ ముఖ్యమైనది. మైనర్ ఈ చట్టం కింద నేరానికి పాల్పడితే, సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా పరిగణిస్తారు. గరిష్ఠంగా మూడేళ్ల జైలు, 25 వేల రూపాయల జరిమానా విధించవచ్చు.

ఈ సెక్షన్‌లో మరో మూడు సంగతులు గమనించదగినవి. మొదటిది, బండిని పిల్లలు తీసుకెళ్లింది పెద్దల సమ్మతితోనే అని కోర్టు ముందుగా భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందని, లేదా అడ్డుకోవడానికి తగిన జాగ్రత్త అంతా తీసుకున్నామని నిరూపించుకునే బాధ్యత పెద్దలదే. రెండోది, ఆ బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలలపాటు రద్దు చేస్తారు. మూడోది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లెర్నర్ లైసెన్సు గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ ఇవ్వరు.

ఈ మూడో శిక్ష తీవ్రత చాలా కుటుంబాలకు తెలియదు. పదహారేళ్ల వయసులో చేసిన తప్పుకు, చదువు ముగించి ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా ఆ యువకుడు చట్టబద్ధంగా బండి నడపలేడు. డ్రైవింగ్‌తో ముడిపడిన ఉపాధి చూసుకునే పేద కుటుంబాల పిల్లలకు ఇది మరింత పెద్ద దెబ్బ. మైనర్‌కు తగిన లైసెన్సు ఉండి, ఆ లైసెన్సు అనుమతించిన బండినే నడుపుతుంటే మాత్రం సంరక్షకుడికి, యజమానికి ఈ సెక్షన్ వర్తించదు.

దీనికి తోడు 180వ సెక్షన్ కూడా ఉంది. లైసెన్సు లేనివారికి బండి అప్పగించిన యజమానికి లేదా బండి బాధ్యత చూసేవారికి మూడు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు లేకుండా నడిపినవారికి 181వ సెక్షన్ కింద దాదాపు ఇదే శిక్ష. ఈ రెండు సెక్షన్ల కింది కేసుల్లో అక్కడికక్కడ వసూలు చేసే చలానా మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు కనుక, రాష్ట్రానికి రాష్ట్రానికి తేడా ఉండవచ్చు. 199ఎ సెక్షన్ కేసు మాత్రం చలానాతో ముగియదు, కోర్టుకు వెళ్లవలసిందే.

ప్రమాదం జరిగితే

ప్రాణనష్టం జరిగినప్పుడు విషయం మోటారు వాహనాల చట్టంతో ఆగదు. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. నిందితుడు మైనర్ అయితే విచారణ 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం జువైనల్ జస్టిస్ బోర్డు ముందు సాగుతుంది.

2024 మే 19న పుణేలోని కల్యాణీనగర్‌లో ఖరీదైన కారు ఢీకొని, బైక్‌పై వెళుతున్న ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు మరణించారు. 17 ఏళ్ల బాలుడు మద్యం మత్తులో కారు నడిపాడన్నది పోలీసుల అభియోగం. బెయిలు షరతుల్లో భాగంగా రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయాలని బోర్డు ఆదేశించడం దేశవ్యాప్తంగా ఆగ్రహం రేపింది. అతడిని వయోజనుడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను బోర్డు 2025 జులైలో తిరస్కరించింది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 2016లో దిల్లీలో పద్దెనిమిదేళ్లు నిండడానికి కొద్ది రోజుల దూరంలో ఉన్న బాలుడు నడిపిన కారు ఢీకొని ఒక వ్యక్తి చనిపోయిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 16 నుంచి 18 ఏళ్ల వారిని వయోజనులుగా విచారించే అవకాశం 'హేయమైన నేరాల'కే ఉంది. కనీస శిక్ష ఏడేళ్లుగా నిర్దేశించని నేరాలు ఆ కోవలోకి రావని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల మైనర్లు కారణమైన ప్రాణాంతక ప్రమాదాల్లో బాధిత కుటుంబం ఆశించే శిక్షకూ, చట్టం అనుమతించే శిక్షకూ మధ్య దూరం ఎక్కువగానే ఉంటోంది.

బాధితులకు పరిహారం ఎవరు ఇవ్వాలన్నది మరో ప్రశ్న. లైసెన్సు లేని వ్యక్తి నడిపిన సందర్భాల్లో బీమా సంస్థ ముందు బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకునేలా కోర్టులు అనేక కేసుల్లో ఆదేశించాయి. బంధువుల కుర్రవాడు తాళం తీసుకుని బండి నడిపి ప్రమాదానికి కారణమైన కేసులో యజమాని బాధ్యత నుంచి తప్పించుకోలేడని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పరిహారం లక్షల్లో ఉన్నప్పుడు ఒక మధ్యతరగతి కుటుంబానికి దీని అర్థం ఇల్లు, పొలం అమ్ముకోవలసి రావడమే.

కొత్తవారికే ముప్పు ఎక్కువ ఎందుకు?

చట్టం గీసిన గీత పద్దెనిమిదేళ్ల దగ్గర ఉంది. ప్రమాదానికి ఆ గీతతో పనిలేదు. లైసెన్సు పొంది ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లో ప్రమాదాల ముప్పు అత్యధికంగా ఉంటుందని, అనుభవం పెరిగేకొద్దీ తగ్గుతుందని పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

దీనికి ఒక కారణం అనుభవలేమి. గేరు, బ్రేకు, క్లచ్ అలవాటు కావడానికి కొద్ది వారాలు చాలు. కానీ ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి మనిషి రావచ్చునని, సందులోంచి బైక్ దూసుకురావచ్చునని ముందే ఊహించే చూపు ఏర్పడడానికి నెలలు పడుతుంది. మరో కారణం వయసు. ఆవేశాన్ని అదుపులో ఉంచి, పర్యవసానాలను తూచే మెదడు భాగాలు ఇరవైల మధ్య వరకు పరిణతి చెందుతూనే ఉంటాయి.

పక్కన తోటి వయసువారు ఉన్నప్పుడు ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. కారులో స్నేహితుల సంఖ్య పెరిగేకొద్దీ యువ చోదకుల ప్రాణాంతక ప్రమాదాలు పెరిగినట్లు అమెరికా పరిశోధనల్లో తేలింది. అదే బండిలో తల్లి గానీ, తండ్రి గానీ ఉంటే ముప్పు తగ్గుతుంది. రాత్రివేళ చూపు తగ్గడం, నిద్రమత్తు, ఖాళీ రోడ్లపై వేగం ఒకదానికొకటి తోడవుతాయి.

వేగం చేసే నష్టాన్ని లెక్కతో గ్రహించవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో సుమారు 11 మీటర్లు సాగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 17 మీటర్లు. ఫోను వైపు రెండు సెకన్లు చూస్తే ఆ బండి 33 మీటర్లు ఎవరూ చూడకుండానే ముందుకు వెళ్లినట్లే. వేగం 40 నుంచి 60కి చేరితే ఢీకొనే శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతుల్లో 71 శాతానికి పైగా అతివేగంతో ముడిపడిన ప్రమాదాల్లో చనిపోయినవారే. మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్ ధరించని కారణంగా చనిపోయినట్లు నమోదైనవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి?

కొత్త చోదకుడికి ఒక్కసారిగా పూర్తి స్వేచ్ఛ ఇవ్వకుండా, మెట్టు మెట్టుగా ఇచ్చే విధానాన్ని 'దశలవారీ లైసెన్సు' అంటారు. న్యూజిలాండ్ 1987లోనే దీన్ని ప్రవేశపెట్టింది. అక్కడ లెర్నర్ దశకూ, పూర్తి లైసెన్సుకూ మధ్య 'పరిమిత' దశ ఉంటుంది. ఆ దశలో ఉన్నవారు రాత్రి 10 నుంచి ఉదయం 5 గంటల వరకు అనుభవజ్ఞుడైన పర్యవేక్షకుడు పక్కన లేకుండా నడపరాదు. సాధారణంగా ఇతరులను ఎక్కించుకోవడమూ కుదరదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 21 ఏళ్లలోపు వారు 120 గంటల పర్యవేక్షిత చోదనను నమోదు చేసి చూపిన తర్వాతే ప్రొబేషన్ లైసెన్సుకు అర్హులు. ఆ తర్వాత బండిపై 'పి' అక్షరం ఉన్న పలక ఉంచాలి. మద్యం పరిమితి సున్నా. జర్మనీలో 17 ఏళ్లకే కారు లైసెన్సు పొందవచ్చు కానీ, 18 నిండేవరకు పక్కన ముందుగా నమోదు చేసిన అనుభవజ్ఞుడు ఉండాలి. బ్రిటన్‌లో పరీక్ష ఉత్తీర్ణులైన రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ లెర్నర్ దశ నుంచి మొదలుపెట్టాలి.

అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో ప్రొబేషన్ దశలోని యువత రాత్రి 11 తర్వాత తెల్లవారుజామున 5 గంటల వరకు నడపరాదు. ప్రయాణికుల సంఖ్యపైనా పరిమితి ఉంది. 2010 నుంచి 21 ఏళ్లలోపు కొత్త చోదకులు నంబరు ప్లేటుపై ఎర్రటి గుర్తు అతికించుకోవలసి ఉంటుంది. టెక్సస్‌లో 18 ఏళ్లలోపు చోదకులు కుటుంబ సభ్యులు కాని, 21 ఏళ్లలోపు వారిని ఒక్కరికి మించి ఎక్కించుకోరాదు. అక్కడి తెలుగు తల్లిదండ్రులకు ఈ నియమాలు పిల్లల చదువుల లాగే రోజువారీ వ్యవహారం. అవే కుటుంబాలు సెలవులకు స్వగ్రామం వచ్చినప్పుడు బంధువుల పిల్లలు పదిహేనేళ్లకే బైక్‌లపై తిరగడం చూస్తుంటాయి.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో రోడ్డు భద్రత ఒక విద్యార్థి ఉద్యమానికే దారితీసింది. 2018 జులైలో ఢాకాలో బస్సు దూసుకువచ్చి ఇద్దరు విద్యార్థులు చనిపోవడంతో వేలాది మంది బడి పిల్లలు రోడ్ల మీదికి వచ్చి వాహనదారుల లైసెన్సులు తనిఖీ చేశారు. ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు కొత్త రోడ్డు రవాణా చట్టాన్ని ఆమోదించింది. సాధారణ చోదకులకు 18, వృత్తి చోదకులకు 21 ఏళ్లు కనీస వయసుగా నిర్దేశించింది.

దశలవారీ లైసెన్సు ఫలితాలపై జరిగిన అధ్యయనాలను 2011లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి పరిశీలించింది. ఈ విధానం యువ చోదకుల ప్రమాదాలను తగ్గిస్తుందని, తగ్గుదల స్థాయి మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుందని తేల్చింది.

భారత్‌లో ఉన్న ఖాళీ

ఈ విధానాల పక్కన పెట్టి చూస్తే భారతీయ చట్టం స్వరూపం స్పష్టమవుతుంది. పద్దెనిమిదేళ్లకు ముందు చట్టం చాలా కఠినం. పద్దెనిమిది దాటి లైసెన్సు చేతికి వచ్చిన మరుక్షణం దాదాపు ఏ పరిమితీ లేదు. నిన్న పరీక్ష ఉత్తీర్ణుడైన యువకుడు ఈ రాత్రే నలుగురు స్నేహితులతో కారులో జాతీయ రహదారి ఎక్కవచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం పరిమితి అనుభవజ్ఞుడికీ, కొత్తవాడికీ ఒక్కటే. 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు నిండేవరకు చెల్లుతుంది. నడుమ కొత్త చోదకుడి తీరును సమీక్షించే ప్రత్యేక దశ ఏదీ లేదు.

విదేశీ నమూనాను ఉన్నదున్నట్లు తెచ్చుకోవడం సులువు కాదన్నదీ నిజమే. అక్కడి నియమాలు ప్రధానంగా కార్లను దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. ఇక్కడ యువత చేతిలో ఉన్నది ద్విచక్ర వాహనం. పర్యవేక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకోవడం బైక్ మీద సాధ్యపడదు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే, డెలివరీ ఉపాధిపై ఆధారపడిన పద్దెనిమిదేళ్ల యువతకు రాత్రి ఆంక్షలు బతుకుదెరువు సమస్యగా మారవచ్చు. ఒకే బండిపై ముగ్గురు ఎక్కరాదన్న నియమం, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలన్న నియమం ఇప్పటికే చట్టంలో ఉన్నాయి. వీటిని ఉల్లంఘిస్తే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. అవి కచ్చితంగా అమలైతే కొత్త చోదకులకే ముందుగా మేలు జరుగుతుంది.

పిల్లలు బండి ఎందుకు తీస్తున్నారన్న ప్రశ్ననూ పక్కన పెట్టలేం. తెల్లవారుజామునే మొదలయ్యే కోచింగ్ తరగతులు, ఊరికి దూరంగా ఉన్న కళాశాలలు, వేళకు రాని బస్సులు చాలా ఇళ్లలో అసలు కారణం. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి పథకం కింద బాలికలు, మహిళలు ఆర్టీసీ బస్సుల్లో నిర్దేశిత సర్వీసుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. విద్యార్థులకు రాయితీ పాసులూ ఉన్నాయి. తరగతుల వేళలకు తగ్గట్టు బస్సు నడిచిన చోట తాళం చెవి కోసం పిల్లలు చేసే ఒత్తిడి సహజంగానే తగ్గుతుంది.

కుటుంబం చేయగలిగినవి

చట్టం వదిలేసిన ఖాళీని ప్రస్తుతానికి పూరించగలిగింది ఇల్లే. దశలవారీ లైసెన్సులోని సారాన్ని ఏ కుటుంబమైనా తనకు తానుగా అమలు చేసుకోవచ్చు.

• పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేవరకు తాళం చెవి పిల్లలకు అందుబాటులో ఉంచకపోవడం. 'తెలియకుండా తీసుకెళ్లాడు' అన్న మాటను కోర్టులో నిరూపించవలసింది పెద్దలే.

• బండి కొనేముందు ఇంజిన్ సామర్థ్యం, ఎలక్ట్రిక్ అయితే మోటారు వాట్లు, గరిష్ఠ వేగం పత్రాల్లో సరిచూసుకోవడం.

• లెర్నర్ దశను 30 రోజుల లాంఛనంగా కాక, ఆరు నెలల అభ్యాసంగా భావించడం. ఖాళీ రోడ్డు, రద్దీ కూడలి, వాన, రాత్రి అనే క్రమంలో ఒక్కో పరిస్థితిలో పెద్దల తోడుతో నడిపించడం.

• లైసెన్సు వచ్చిన తొలి ఆరు నెలలు రాత్రి 10 తర్వాత ఒంటరిగా నడపకుండా, స్నేహితులను ఎక్కించుకోకుండా ఇంట్లోనే నియమం పెట్టుకోవడం.

• బైక్ అయితే రెండు హెల్మెట్లు కొనడం. వాటిపై భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 4151 సంఖ్య ఉన్నాయో లేదో చూడడం. పట్టీ బిగించని హెల్మెట్ ప్రమాదంలో తలపై నిలవదు.

• బండి నడుపుతున్న పిల్లలకు ఫోను చేయకపోవడం. 'ఎక్కడున్నావు' అని ఇంటి నుంచే వచ్చే పిలుపు కూడా చూపును రోడ్డు మీద నుంచి మళ్లిస్తుంది.

• ప్రమాదం జరిగితే పారిపోకుండా ఆగి, గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలపడం చోదకుడి చట్టబద్ధమైన విధి అని ముందే చెప్పి ఉంచడం. అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112.

వీటన్నిటికన్నా ముందు పెద్దలు తమ తీరు చూసుకోవలసి ఉంటుంది. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి, రాంగ్ రూట్‌లో పిల్లవాడిని బడి దగ్గర దింపే తండ్రి ఆ పిల్లవాడికి తొలి డ్రైవింగ్ శిక్షకుడు. పద్దెనిమిదేళ్లు నిండిన రోజున రవాణా శాఖ ఇచ్చేది నడిపే అనుమతి మాత్రమే. ఎలా నడపాలన్నది అంతకు ఎన్నో ఏళ్ల ముందే, వెనుక సీటులో కూర్చుని పిల్లలు నేర్చుకుంటారు.